తెలిసినవారికి ఒక శాలువా

వేలంపాటలో అమ్ముడైన ప్రాచీన నాణెం దొంగదని తేలినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది. పాపం, వేలంశాలవాళ్లూ మోసపోయారు, వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది అని. ఈ మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. జీవితమంతా నాణేల మధ్యే గడిపిన మనిషిని పట్టుకుని ఆయనకేం తెలుసు అనడం అన్యాయం. లండన్, జ్యూరిచ్, మ్యూనిక్, న్యూయార్క్ నగరాల్లో గ్రీకు, రోమన్ నాణేలను పాటకు పెట్టే పెద్దలారా, మీ పక్షాన నాలుగు మాటలు చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీకు తెలియదని ఎవరన్నా నేనొప్పుకోను. మీకు తెలుసు. మీకు తెలిసినంత చాలా విశ్వవిద్యాలయాల్లోనూ తెలియదు.

మీ కన్ను పనిచేసే తీరు దగ్గరుండి చూసినవాళ్లెవరైనా చేతులెత్తి మొక్కుతారు. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ వెండి నాణెం ఒకటి బల్ల మీద ఉందనుకుందాం. నాలుగు డ్రాక్మాల నాణెం. బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్న అథీనా దేవి, బొరుసు వైపు గుడ్లగూబ, దాని వెనక ఆలివ్ రెమ్మ. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు ముందు దేవి ముఖం చూసి మురిసిపోతారు. మీరు నాణేన్ని నిలువుగా పట్టుకుని అంచు చూస్తారు. సుత్తి దెబ్బ తిన్న వెండి బిళ్ల అంచుల్లో చిట్లుతుంది, ఆ చీలిక లోపలి నుంచి బయటికి తెరుచుకుంటుంది. మూసలో పోసిన నాణేనికి చీలిక ఉన్నా అది మొద్దుబారి, సగం పూడుకుపోయి ఉంటుంది. మూస చెక్కలు రెండూ కలిసిన చోట సన్నని అతుకు గీత వస్తుంది. దాన్ని ఆకురాయితో రాసి చెరిపేస్తే, రాసిన జాడ మిగిలిపోతుంది.

ఆ తర్వాత త్రాసు. నాణెం 17.2 గ్రాములకు కొంచెం అటూ ఇటూగా తూగాలి. పోత నాణెం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి తల్లి నాణెం కన్నా కాస్త చిన్నదవుతుంది. ఆ తర్వాత భూతద్దం. రెండు అచ్చుల మధ్య దెబ్బ పడగానే లోహం మధ్య నుంచి అంచు వైపు పరుగెత్తుతుంది, ఆ పరుగు సన్నటి గీతలుగా నాణెం ఖాళీ జాగాల్లో నిలిచిపోతుంది. పోతలో లోహం పరుగెత్తదు, మూసను నింపుతుంది. అందుకే దాని మీద ఆ గీతలు సరిగా పలకవు, బదులుగా గాలిబుడగల గుంటలు కనిపిస్తాయి. రెండున్నర వేల ఏళ్లు నేలలో ఉన్న వెండి చాలాసార్లు లోపల్లోపలే పెళుసెక్కుతుంది. అలాంటి నాణెం విరిగిన చోట చూస్తే చక్కెర పలుకుల్లా మెరుస్తుంది. దీన్ని ఆమ్లాలతో, వేడితో తెప్పించాలని చూసేవాళ్లున్నారు. దాన్నీ మీరు పసిగడతారు.

వీటన్నిటి కన్నా గొప్ప విద్య మరొకటి మీ దగ్గరుంది. చేత్తో కొట్టిన నాణేల్లో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకే అచ్చు కింద పడినా ఒకటి కొంచెం ఎడమకు జరుగుతుంది, ఒకటి అంచున పగులుతుంది, ఒకదాని మీద దెబ్బ బలంగా పడుతుంది. నేలలో ఉన్నప్పుడు రాయి తగిలి అథీనా చెక్కిలి మీద పడిన గీత ఆ ఒక్క నాణేనిదే. అదే గీత, అదే పొడవు, అదే వంపుతో ఇంకో నాణెం మీద కూడా ఉందంటే ఆ రెండింట్లో కనీసం ఒకటి దొంగది. అసలు నాణెం నుంచే అచ్చు తీసి కొత్త వెండి మీద యంత్రంతో నొక్కితే అంచులో లోపం ఉండదు, పరుగు గీతలూ ఉంటాయి. కానీ తల్లి నాణెం మీది అరుగుదల, గీతలు పిల్లలన్నిటికీ సంక్రమిస్తాయి. దేవి ముక్కు రెండు తరాల జేబుల్లో తిరిగినట్టు అరిగి ఉంటుంది, ఆ ముక్కు చుట్టూ ఉన్న జాగా మాత్రం నిన్న కొట్టినట్టు తళతళలాడుతుంది. ఈ వైరుధ్యం మీకు క్షణంలో తెలుస్తుంది. తెలియకపోతే పాత పాటల ఫోటోలు లక్షల్లో కంప్యూటర్‌లో సిద్ధంగా ఉన్నాయి. కవల నాణేన్ని వెతికి పట్టుకోవడం ఒక్కపూట పని.

ఈ పరీక్షల్లో ఒక్కటి కూడా, సొంత డబ్బు పెట్టి నాణెం కొనే ఏ వ్యాపారీ వదలడు. ఇంకొకరి నాణేన్ని పాటకు పెట్టేటప్పుడు పరిస్థితి వేరు. అమ్మేవాడి నుంచి కమీషన్, కొనేవాడి నుంచి రుసుము, రెండు వైపులా రాబడి ఉంటుంది. ఒక్క పాటలో వెయ్యికి పైగా లాట్లుంటాయి, కేటలాగు గడువు తరుముతుంటుంది. అంత ఒత్తిడిలోనూ ఒక్కో నాణేనికీ పాలకుడి పేరు, కమ్మటం ఉన్న ఊరు, ముద్రించిన ఏడాది, బరువు, అచ్చులు ఒకదానికొకటి ఏ దిశలో ఉన్నాయో, ఏ గ్రంథంలో ఏ సంఖ్య కింద ఉందో పొల్లుపోకుండా రాస్తారు. బుగ్గ మీద వెంట్రుకంత గీత ఉన్నా రాస్తారు. ఇంత శ్రద్ధగా చూసిన కన్ను ఆ గీత రెండేళ్ల కిందట ఇంకో నగరంలో ఇంకో నాణెం మీద కనిపించిన సంగతి చూడలేకపోయిందంటే నేను నమ్మను. మీ పాండిత్యానికి అంత తక్కువ విలువ కట్టలేను.

మీకు ఇంత నేర్పు అబ్బడానికి దొంగల వైపు నుంచి గురువులూ ఉన్నారు. వాళ్లలో పెద్దవాడు జర్మనీ దేశపు కార్ల్ విల్‌హెల్మ్ బెకర్. 1772లో స్పైయర్‌లో పుట్టాడు, 1830లో పోయాడు. ఒక చిన్న సంస్థానాధీశుడి దగ్గర ఆస్థాన సలహాదారు బిరుదు పొందాడు, మహాకవి గ్యోథేతో పరిచయం ఉన్నవాడు. ఉక్కు అచ్చులు తన చేత్తోనే చెక్కాడు. గ్రీకు, రోమన్ మొదలు స్పెయిన్‌ను ఏలిన విసిగోతుల దాకా మూడు వందలకు పైగా రకాలు తయారు చేశాడు. లోహ పరీక్షలో దొరక్కూడదని, అరిగిపోయి ఎవరూ కొనని అసలైన పాత నాణేలను తెచ్చి వాటి మీదే తన అచ్చు కొట్టేవాడు. పాత నాణెం మీద కొత్త అచ్చు వేయడం మనవాళ్లూ ఎరిగినదే. నాసిక్ దగ్గర జోగల్‌థెంబిలో 1906లో బయటపడిన 13 వేల పైచిలుకు క్షత్రప రాజు నహపానుడి వెండి నాణేల్లో అధికభాగం గౌతమీపుత్ర శాతకర్ణి తిరిగి ముద్ర కొట్టించినవే. శాతకర్ణి గెలిచానని చాటడానికి కొట్టించాడు, కింద ఓడినవాడి ముఖం కనిపించేలా వదిలేశాడు. బెకర్ కింది ముఖం పూర్తిగా మాయమయ్యేదాకా కొట్టాడు. ఒకే పని, ఒకటి చరిత్ర అయింది, ఒకటి చరిత్రను చెరిపింది.

కొత్తగా కొట్టిన నాణేలకు నిగనిగ పోవాలి కదా. బెకర్ ఒక పెట్టెలో ఇనుప రజను, నూనె జిడ్డు వేసి, అందులో నాణేలు పడేసి, ఆ పెట్టెను తన గుర్రబ్బండికి కట్టేవాడు. ఊళ్ల మధ్య గతుకుల బాటలో బండి సాగుతుంటే లోపల నాణేలు ఒకదాన్నొకటి రాసుకుని వృద్ధాప్యం తెచ్చుకునేవి. బెకర్ చెక్కిన అచ్చుల్లో చాలావరకు ఇవాళ బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయి. 1826లోనే ఇటలీ పండితుడు సెస్తీని ఆయన పేరు పెట్టి పుస్తకంలో బయటపెట్టాడు. 1920లలో బ్రిటిష్ మ్యూజియం నాణేల పండితుడు జార్జ్ హిల్ ఆ అచ్చులన్నిటినీ జాబితా కట్టి అచ్చేశాడు. అంటే రెండు శతాబ్దాలుగా ఆ దొంగ దొరికిపోయే ఉన్నాడు. అయినా బెకర్ తనవి నకళ్లని, అసలువి కొనలేనివాళ్ల కోసం చేశానని చెప్పుకున్న సమాధానం ఇప్పటికీ బతికే ఉంది. బల్గేరియాలో కొందరు శిల్పులు నకళ్లు నకళ్లుగానే అమ్ముతారు. వాటిలో కొన్ని రెండు చేతులు మారాక అసలువైపోతాయి. అమెరికాలో 1973 నుంచే అనుకరణ నాణెం మీద కాపీ అని ముద్ర ఉండాలన్న చట్టం ఉంది, 2014లో దాన్ని దొంగ సరుకు అమ్మకానికి తెలిసి సాయపడేవాళ్లకూ వర్తింపజేశారు. చట్టం చేసినవాళ్లకు కూడా అర్థమైంది, చేసినవాడి కన్నా అమ్మిపెట్టేవాడి దగ్గరే విషయం ఉందని.

నిజంగా కలిసి కూర్చుంటే మీరేం చేయగలరో లోకం చూసింది. 1980ల చివర్లో నల్లసముద్ర తీరపు అపోలోనియా, మెసెంబ్రియా నగరాల చిన్న వెండి నాణేలు గుంపులుగా మార్కెట్లోకి వచ్చాయి. పేరున్న పండితులే అసలైనవన్నారు. అచ్చులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చి, ఉపరితలాలు పరీక్షించి, ఇవి ఈ కాలంలో కొట్టినవని ప్రకటించింది చివరికి మీ అంతర్జాతీయ వ్యాపారుల సంఘమే. దొంగ నాణేల మీద ప్రత్యేకంగా పత్రిక నడిపిందీ ఆ సంఘమే. తప్పు చూపిస్తే ఎన్నాళ్లకైనా డబ్బు తిరిగిస్తామని హామీ ఇచ్చే సభ్యులు మీలో ఉన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నవాళ్లకు కప్పుతున్నాను ఈ శాలువా. అదే చేతుల్తో మిగతావాళ్లకూ కప్పుతున్నాను, ఎందుకంటే మీరంతా ఒకే బడిలో చదువుకున్నవాళ్లు.

మీ కలం గురించి కూడా చెప్పాలి. కేటలాగులో నాణెం ఒంటి మీది ప్రతి మచ్చనూ వర్ణించిన ఆ కలమే, ఇది ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న దగ్గరకొచ్చేసరికి ఒక్క ముక్కతో సరిపెడుతుంది: పాత ఐరోపా సేకరణ నుంచి. ఏ ఊరు? ఎవరి సేకరణ? ఎప్పుడు కొన్నారు? రసీదు ఉందా? ఆ ముక్కలో ఏదీ ఉండదు. 2020 అక్టోబరులో లండన్‌లో ఒక బంగారు నాణెం పాటకొచ్చింది. జూలియస్ సీజర్‌ను చంపిన బ్రూటస్ క్రీ.పూ. 42 ప్రాంతంలో కొట్టించినది. ఒకవైపు అతని తల, రెండోవైపు రెండు బాకులు, నడుమ స్వేచ్ఛకు గుర్తయిన టోపీ, కింద హత్య జరిగిన తేదీ. బంగారంలో ఇలాంటివి లోకంలో మూడే తెలుసు. రుసుముతో కలిపి 32 లక్షల 40 వేల పౌండ్లు పలికింది. నాణెం అసలైనదే. దానికి రాసిన వంశావళి దొంగది. దాన్ని అమ్మిన సంస్థ అధిపతిని 2023 జనవరిలో న్యూయార్క్‌లో అరెస్టు చేశారు, మార్చిలో నాణెం గ్రీసుకు వెళ్లిపోయింది, ఆ ఏడాదే ఆయన నేరం ఒప్పుకున్నాడు. లోహాన్ని గుర్తుపట్టిన చేయే కాగితాన్ని కల్పించింది. ఈ రెండు పనులూ వేర్వేరు మనుషులవని ఇకపై ఎవరూ అనలేరు.

ఇంతకన్నా ముందు, 2012 జనవరిలో జరిగింది మరీ లోతైనది. న్యూయార్క్‌లో ఏటా జరిగే నాణేల సమావేశం సమయంలో, వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో, సేకర్తగా, వ్యాపారిగా పేరున్న ఒక చేతి శస్త్రవైద్యుడిని పోలీసులు పట్టుకున్నారు. ఆయన దగ్గర సిసిలీ ద్వీపపు గ్రీకు నగరాల నాణేలున్నాయి. వాటిలో అక్రగాస్ నగరపు పది డ్రాక్మాల నాణెం ఒకటి, అసలైనదైతే లక్షల డాలర్ల సొత్తు. ఆయన మీద కేసు దొంగ నాణేలని కాదు. ఇటలీ నేలలో ఈమధ్యే అక్రమంగా తవ్వి తీసినవని తెలిసీ అమ్మజూపాడని. ఆ నాణేలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టేసరికి దొంగవని తేలింది. తవ్వకం దొంగతనం అనుకున్నది కొలిమి దొంగతనం అయింది. అంతటి కన్ను ఎందుకు ఓడిపోయింది? నాకు తోచిన కారణం ఒక్కటే. నేలలోంచి నిన్న వచ్చిందని చెవిలో చెప్పిన నాణేనికి ఎక్కడి నుంచి వచ్చావని ఎవరూ అడగరు. బహిరంగంగా నలుగురి ముందు పెట్టరు, ప్రయోగశాలకు పంపరు, పాత ఫోటోల్లో వెతకరు. వెతికితే జాడ దొరుకుతుందేమోనని భయం. ఆ మౌనంలోకే నకిలీ చేసేవాడు తన సరుకుతో నడిచి వస్తాడు. నేలను దోచేవాడికీ లోహాన్ని కల్పించేవాడికీ తెరిచి ఉంచిన తలుపు ఒక్కటే. ఆ తలుపు దగ్గర నిలబడింది అజ్ఞానం కాదు, అడగకూడదన్న నిర్ణయం.

ఇది మనకూ తగిలే విషయం. నూరేళ్లు దాటిన నాణెం మన దేశంలో 1972 చట్టం ప్రకారం పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు తీసుకెళ్లడానికి వీల్లేదు. ఒక శాతవాహన నాణెం విదేశీ వేలంలో వంశావళి లేకుండా కనిపిస్తే అది చట్టాలు రాకముందే వెళ్లి ఉండాలి, లేదా చాటుగా దాటి ఉండాలి, లేదా ఈమధ్యే ఎవరో తయారు చేసి ఉండాలి. పాత సేకరణ నుంచి అన్న మూడు మాటలు ఈ మూడింటినీ ఒకే దుప్పటి కింద కప్పేస్తాయి. డల్లాస్‌లోనో లండన్‌లోనో స్థిరపడి, పుట్టిన నేల గుర్తుగా ఒక నాణెం దగ్గర పెట్టుకోవాలని రాత్రి మేలుకుని పాటలో ధర పెంచే తెలుగువాడికి ఈ మూడింట్లో ఏది తన చేతికొచ్చిందో తెలియదు. కేటలాగులో శాతవాహనుల ధాన్యకటకం పేరు చదివి అతను మీ మీద పెట్టుకున్న నమ్మకం మాత్రం నూటికి నూరుపాళ్లు అసలైనది.

ఏథెన్స్ నాణెంతో మొదలుపెట్టాను కాబట్టి ఆ ఊరి చట్టం ఒకటి చెబుతాను. క్రీ.పూ. 375లో నికోఫోన్ అనే పౌరుడు ప్రతిపాదించగా చేసిన శాసనం అది. రాతి మీద చెక్కి నిలబెట్టిన ఆ ఫలకం 1970లో ఏథెన్స్ అంగడి వీధి తవ్వకాల్లో దొరికింది. నాణేలు పరీక్షించడానికి నగరం ఒక బానిసను నియమించింది. అతను సరాఫుల బల్లల మధ్య కూర్చోవాలి, రేవు దగ్గర కూర్చోవడానికి మరొకడుండాలి. ఎవరు నాణెం తెచ్చినా చూడాలి. మంచి నాణెమైతే తిరిగి ఇవ్వాలి, అతను మంచిదన్న నాణేన్ని తీసుకోనన్న వర్తకుడి సరుకు జప్తు. లోపల రాగి ఉన్నా, సీసం ఉన్నా, దొంగదైనా అక్కడికక్కడే అడ్డంగా నరకాలి. నరికిన ముక్క తెచ్చినవాడికి తిరిగి రాదు, దేవతల తల్లి సొత్తుగా సభలో జమ అవుతుంది. పరీక్షకుడు తన చోట కూర్చోకపోయినా, చట్టం చెప్పినట్టు పరీక్షించకపోయినా యాభై కొరడా దెబ్బలు.

ఆ బానిస వీపు మీది భయం ఎవరికీ ఉండాలని నేను కోరను. అతనికి తన కన్ను మీద తప్ప దేని మీదా అధికారం లేదు. పేరు కూడా మనకు దక్కలేదు. మీకు పేరుంది, సూక్ష్మదర్శినులున్నాయి, గ్రంథాలయాలున్నాయి, కాదనే స్వేచ్ఛ ఉంది. అతని బల్ల దగ్గర దొంగ నాణెం ప్రయాణం ఆగిపోయేది. మీ బల్ల దగ్గర ఏమవుతోంది? ఎవరో సేకర్త పాటకు వారం ముందు ఉత్తరం రాస్తాడు, ఫలానా లాటు ఫలానా దొంగ అచ్చుదని కవల ఫోటో జతచేసి మరీ. లాటును వెనక్కి తీసుకుంటారు. కేటలాగులో ఆ సంఖ్య దగ్గర ఉపసంహరించబడినది అన్న ఒక్క మాట మిగులుతుంది, ఫోటో మాయమవుతుంది. నాణెం పంపినవాడి సొత్తు కాబట్టి పంపినవాడికే తిరిగి వెళుతుంది. అతను ఇంకో నగరానికి, ఇంకో వేలంశాలకు పంపుకోవడానికి అడ్డేమీ లేదు. కొత్త కేటలాగులో దానికి కొత్త వర్ణన, అదే పాత ఐరోపా సేకరణ.

నరకమని అడగడానికి చట్టం నా చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను. వెనక్కి తీసుకున్న లాటు ఫోటోను తీసేయకండి, అక్కడే ఉంచండి. దాని కింద కారణం రాయండి. ఏ అచ్చు, ఏ గీత, ఏ ఏడాది ఏ పాటలో దాని కవల ఉంది, బరువెంత తగ్గింది, సూక్ష్మదర్శిని కింద ఏం కనిపించింది. పంపినవాడి పేరు చెప్పకపోయినా ఫరవాలేదు, నాణెం ముఖం చాలు. కవల ఫోటోతో ఉత్తరం రాసిన ఆ సేకర్తకు జవాబివ్వండి. చాలామందికి ఆ జవాబు కూడా రావడం లేదు.